కారు దీపానికి చూపు తగ్గిందెక్కడ?

పిల్లలూ! కడియం నుంచి ద్వారపూడి వైపు కాలువ గట్టు రోడ్డు మీద రాత్రిపూట ఎప్పుడైనా ప్రయాణం చేశారా? ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లంలో చేలు. ముందు పోయే సైకిలు మనిషి కారు దీపాల వెలుగులో సకాలంలో కనబడకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

రాజమండ్రిలో మా బావగారికి ఒక పాత అంబాసిడరు ఉంది. (ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది.) దాని గుండ్రని దీపాలు తీసి ఐరోపా పద్ధతి దీపాలు పెట్టించారు. వీటిలో హెచ్-4 అనే హాలొజెన్ బల్బు ఉంటుంది. దూరపు వెలుగుకు 60 వాట్ల ఫిలమెంటు, డిమ్ముకు 55 వాట్ల ఫిలమెంటు. డిమ్ము ఫిలమెంటు కింద చిన్న లోహపు రేకు అడ్డుగా ఉంటుంది. అందుచేత దాని కాంతి అద్దపు దొప్ప పై సగం మీదనే పడి, రోడ్డు మీదికి దిగుతుంది. ఎదుటివాడి కళ్ళలో పడదు.

అంతా బాగుంది గాని, వెలుగు మాత్రం పెరగలేదు! మెకానిక్కు బల్బు ఊడదీసి, హోల్డరు దగ్గర ఓల్టుమీటరు పెట్టాడు. 12.6 ఓల్టులు. "కరెంటు బానే వస్తోంది మాస్టారూ, 100 వాట్ల బల్బులు వేసేద్దాం" అన్నాడు. బల్బు తగిలించి, వెలిగించి మళ్ళీ చూడమన్నాను. 10.6!

ఆ రెండు ఓల్టులు ఏమయ్యాయి? ఓమ్ నియమం గుర్తు తెచ్చుకోండి. బల్బు లేనప్పుడు తీగలో విద్యుత్ ప్రవాహం దాదాపు సున్న, కాబట్టి నష్టమూ సున్న. బల్బులు రెండూ వెలిగితే సుమారు 9 ఆంపియర్లు పారతాయి. 2ని 9తో భాగించండి: 0.22 ఓములు. పాత సన్నతీగలు, అరిగిన స్విచ్చి, తుప్పుపట్టిన అతుకులు కలిసి పెట్టిన నిరోధం ఇంతే. కాని 18 వాట్లు అక్కడే వేడిగా పోతున్నాయి. ఫిలమెంటు ఎంత చల్లబడితే వెలుగు అంతకు మించి పడిపోతుంది. ఇక్కడ సగానికి కాస్త ఎక్కువే మిగిలింది. 100 వాట్ల బల్బు వేస్తే ప్రవాహం పెరిగి, నష్టం పెరిగి, స్విచ్చి మాడేది.

దీనికి మందు రిలే. అంటే మీరు మేకుకు తీగ చుట్టి చేసే విద్యుదయస్కాంతమే! పాత తీగ, స్విచ్చి ఇప్పుడు ఆ అయస్కాంతానికి మాత్రమే కరెంటిస్తాయి. దానికి ఆంపియరులో ఐదో వంతు కూడా అక్కర్లేదు. అది లోపలి మీటను లాగితే, బ్యాటరీ నుంచి లావుపాటి తీగలో అసలు ప్రవాహం నేరుగా బల్బులకు పోతుంది. దూరపు వెలుగుకొకటి, డిమ్ముకొకటి, రెండు రిలేలు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి: తీగ ఒరిసి కారు రేకుకు తగిలితే మంట పుట్టకముందే అది కరిగిపోవాలి. బల్బు నుంచి తిరిగి వచ్చే తీగ కూడా లావుదే వేయించాను. చాలామంది దాన్ని మరచిపోతారు. మళ్ళీ కొలిస్తే 12.2 ఓల్టులు.

ఇంకొక్క సంగతి. ఈ దీపాల డిమ్ము వెలుగు రోడ్డు అంచు వైపు కొంచెం పైకి లేస్తుంది, నడిచేవాళ్ళు కనబడాలని. మనకు ఆ అంచు ఎడమ పక్క. ఐరోపాలో చాలా దేశాల్లో బండ్లు కుడివైపున నడుస్తాయి కాబట్టి అక్కడి అద్దాల్లో కుడి పక్క లేస్తుంది. రాత్రివేళ కారును గోడకెదురుగా నిలిపి డిమ్ము వేసి చూడండి. వెలుగు గీత కుడివైపు పైకి లేచిందంటే ఆ అద్దం మన రోడ్లది కాదు, వెనక్కి ఇచ్చేయమనండి.