బ్యాంకు మార్కెటింగ్ ఆఫీసర్ ఉద్యోగం: ఎంబీఏలో చేరేముందే చూడవలసినవి

డిగ్రీ పూర్తయిన పేదపిల్లల ఎంబీఏ ఫీజు భరించే దాతలు ఒక విషయం గమనించాలి. బ్యాంకు మార్కెటింగ్ ఉద్యోగానికి ప్రతి ఎంబీఏ పనికిరాదు.

ప్రభుత్వరంగ బ్యాంకులు స్కేల్-1 మార్కెటింగ్ ఆఫీసర్లను ఐబీపీఎస్ పరీక్ష ద్వారా తీసుకుంటాయి. స్టేట్ బ్యాంకు నియామకాలు వేరు. ఐబీపీఎస్‌కు డిగ్రీతోపాటు మార్కెటింగ్ ప్రధానంగా రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంబీఏ లేదా పీజీడీఎం ఉండాలి. రెండు స్పెషలైజేషన్లు ఉంటే ఒకటి మార్కెటింగ్ కావాలి. రెండుకు మించితే అర్హతే లేదు. వయసు 20 నుంచి 30 ఏళ్లు. కేంద్ర జాబితాలోని ఓబీసీలకు మూడేళ్ల సడలింపు.

ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు, రీజనింగ్, లెక్కలు ఉంటాయి. అది గట్టెక్కితే చాలు, ఆ మార్కులు కలపరు. మెయిన్స్‌లో మార్కెటింగ్ పాఠాలే అడుగుతారు. తుది ఎంపికలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 శాతం. తప్పు జవాబుకు పావు వంతు కోత.

ఇది కుర్చీలో కూర్చునే పని కాదు. కాలేజీలు, కాలనీలు, దుకాణాలు తిరిగి ఖాతాలు, గృహ, వాహన రుణాలకు కొత్తవారిని తేవాలి. మొహమాటం పోయేలా పిల్లలతో ఇప్పటినుంచే మాట్లాడించండి.

కాబట్టి చెక్కు రాసేముందు అడగండి: కోర్సు ఫుల్‌టైమేనా? సర్టిఫికెట్‌లో మార్కెటింగ్ అని ఉంటుందా? అడగకపోతే మీ డబ్బు, ఆ బిడ్డ రెండేళ్ల కష్టం దరఖాస్తు దగ్గరే ఆగిపోవచ్చు.