ఇంటిలోనే చాకొలెట్ పానీయపు పొడి

వసతిగృహమున చదువుకొను మనము చాకొలెట్ పానీయపు డబ్బా కొనునపుడు బొమ్మను చూతుము గాని, వెనుకనున్న చిన్న అక్షరములను చదువము. మన దేశపు నిబంధనల ప్రకారము పదార్థముల పేర్లను బరువులో ఎక్కువదానినుండి తక్కువదానికి వరుసగా ముద్రించవలెను. చక్కెర పేరు మొదటనున్నచో, చాకొలెట్ పేరిట మనము అధికముగా కొనుచున్నది చక్కెరయే.

కోకో గింజలో సుమారు సగము కొవ్వు. 1828లో హాలెండు దేశమున వాన్ హౌటెన్ పేరిట ఆ కొవ్వును పిండి తీయు పద్ధతికి పేటెంటు లభించెను. నేటి కోకో పొడికి అదియే మూలము. మన గోదావరి జిల్లాల కొబ్బరితోటలలోను కోకో అంతరపంటగా పండుచున్నది.

తీపి కలపని కోకో పొడి 100 గ్రాములు, మెత్తగా పొడిచేసిన చక్కెర 100 గ్రాములు, పాలపొడి 200 గ్రాములు, చిటికెడు ఉప్పు చేర్చి రెండుసార్లు జల్లించవలెను. పాత్రలు తడిలేకుండ చూడవలెను. తేమ తగిలినచో పొడి గడ్డకట్టును. గాజుసీసాలో నింపి మూత బిగించవలెను.

ఒక కప్పునకు 3 పెద్ద చెంచాల పొడిని తీసికొని, ముందు కొద్ది వేడినీటితో ముద్దగా కలిపి, పిదప మిగిలిన నీరు పోయవలెను. కోకో చక్కెరవలె కరగదు. సన్నని రేణువులుగా నీటిలో వ్యాపించును. ఒక్కసారిగా నీరు పోసినచో పైపొర తడిసి, లోపల పొడిగానే మిగిలి ఉండలు కట్టును.

ఈ సీసాలో మనము కలిపిన చక్కెర నాల్గవ వంతు మాత్రమే. ఇంకను తగ్గించుకొనుట మన చేతిలోనే యున్నది. త్రాగుదానిని తెలిసి త్రాగుటయు విద్యలో భాగమే గదా!