కంప్యూటర్ చిట్టా: పివట్‌లో కొత్త లాట్లు చేరాలంటే

(వాణిజ్య విలేఖరి)

మిర్చి చిట్టాను ఎక్సెల్‌లో వ్రాసి, రకాలవారీ మొత్తాలను పివట్ టేబుల్‌తో తీసే వర్తకులు ఒక సంగతి గమనించవలసి ఉన్నది. చిట్టా పెరిగినంత మాత్రాన పివట్ పెరగదు.

ఉదాహరణ: ఏ1 నుంచి ఇ201 వరకు, శీర్షిక పోను 200 లాట్లకు పివట్ తీశారనుకుందాం. మరునాడు దిగువన 45 లాట్లు చేరాయి. రిఫ్రెష్ నొక్కినా పివట్ ఆ 200 వరుసలనే తిరిగి చదువుతుంది. వాటిలో దిద్దిన ధరలు వస్తాయి గాని కొత్త లాట్లు రావు. లాటుకు సగటున 40 టిక్కీలైతే 1,800 టిక్కీలు లెక్కకు అందవు. ఆ మొత్తాన్ని నమ్మి నిల్వ అంచనా వేసినా, పార్టీకి బిల్లు పంపినా నష్టం వర్తకుడిదే.

నివారణ: చిట్టాలో ఏదో ఒక గడిలో ఉండి కంట్రోల్-టి నొక్కి దానిని టేబుల్‌గా మార్చాలి. పివట్‌కు సంబంధించిన ‘చేంజ్ డేటా సోర్స్’లో ఆ టేబుల్ పేరు ఇవ్వాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. ఇకపై ఆఖరి వరుసను ఆనుకుని, ఖాళీ వదలకుండా వ్రాసిన లాట్లు టేబుల్‌లో కలుస్తాయి. అయినా నమోదు ముగిశాక రిఫ్రెష్ చేయడం మరువరాదు. ఫైలులోని పివట్లన్నిటికీ కలిపి కంట్రోల్-ఆల్ట్-ఎఫ్5 నొక్కాలి.

సరిచూపు: పివట్ అడుగు మొత్తం, చిట్టాలోని టిక్కీల మొత్తం సమానంగా ఉండాలి. తేడా వస్తే ఫిల్టర్ చూడాలి. లోగడ కొన్ని రకాలనే ఎంచి ఉంటే కొత్త రకం కనబడకపోవచ్చు. రెండు మొత్తాలూ కలిసిన తర్వాతే లెక్క బయటకు పంపడం క్షేమం.