పొలమును ప్లాట్లు చేయించుటకు ముందు రైతు తెలిసికొనవలసిన న్యాయ విషయములు

పట్టణము పెరిగి మీ పొలము గట్టు దాకా వచ్చినది. ఒక వ్యాపారి వచ్చి, "భూమి మీది, ఖర్చు నాది. అనుమతులన్నియు నేనే తెచ్చెదను. ప్లాట్లు చెరి సగము" అనును. మాట వినుటకు బాగుగనే ఉండును. కాని సంతకమైన పిదప చిక్కు వచ్చినచో విడిపించుకొనుటకు ఏండ్లు పట్టును. కావున సంతకమునకు ముందే ఏమి చూడవలెనో, ఖర్చు లేని న్యాయ సహాయము ఎక్కడ దొరకునో ఈ పాఠములో తెలిసికొందము. ఇందు చెప్పిన అనుమతుల పద్ధతి తెలంగాణ రాష్ట్రమునకు సంబంధించినది.

1. అనుమతి వేరు, హక్కు వేరు

భూమిని ఫలానా పనికి వాడవచ్చునని మాత్రమే అనుమతి చెప్పును. భూమి ఎవరిదో అది తేల్చదు. తాతగారి పేరున ఉన్న భూమి పంపకము కాకున్నచో, అనుమతి వచ్చిన తరువాత కూడ వ్యాజ్యము రావచ్చును. 2005 సవరణ ప్రకారము హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానముగ వాటా గలదు. అక్కచెల్లెండ్రతో ముందుగనే మాట్లాడుకొనుడు.

పట్టాదారు పాసు పుస్తకము, పాత పహాణీలు, ఈసీ, సర్వే పటము ఒకదానితో ఒకటి సరిపోవుచున్నవో లేదో చూచుకొనుడు. ప్రభుత్వము సాగుకిచ్చిన అసైన్డు భూమిని ఇతరులకు బదిలీ చేయుటను 1977 చట్టము నిషేధించుచున్నది. ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనేతరులకు భూమి బదిలీ 1959 నిబంధన ప్రకారము చెల్లదు.

2. కావలసిన అనుమతులు

మొదటిది, సాగు భూమిని ఇతర అవసరమునకు మార్చుట. దీనినే వాడుకలో నాలా అందురు. 2006 చట్టము ప్రకారము రుసుము చెల్లించి అనుమతి పొందవలెను. అనుమతి లేకుండ మార్చినచో అపరాధ రుసుము కూడ పడును.

రెండవది లేఅవుట్ అనుమతి. నాలా ఉన్నంత మాత్రమున ప్లాట్లు వేయరాదు. మాస్టర్ ప్లానులో మీ సర్వే నంబరు ఏ మండలములో ఉన్నదో, నివాసములకు కేటాయించినదో కాదో ముందుగ విచారింపుడు. ప్రక్కన చెరువు ఉన్నచో నిండు నీటి మట్టము హద్దు తెలిసికొనుడు. 2012 భవన నియమముల ప్రకారము 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు ఆ హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటె చిన్నదానికి 9 మీటర్లు విడువవలెను.

మూడవది రెరా నమోదు. 2016 చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లు మించిన స్థలమున ప్లాట్లు వేసి అమ్మదలచినచో, ప్రకటన ఇచ్చుటకు ముందే నమోదు కావలెను. ప్లాట్లు అభివృద్ధి చేయువాడు ఒకడు, అమ్మువాడు మరొకడు అయినచో ఇద్దరును ఉమ్మడిగ బాధ్యులు. అనగా మీ వాటా ప్లాట్లను మీరే అమ్మినను, రోడ్డు వేయని తప్పు మీ మీదకు కూడ రావచ్చును.

3. ఒప్పందములో చూడవలసినవి

"చెరి సగము" అన్న మాటకు లెక్క కట్టి చూడుడు. 4 ఎకరములనగా 19,360 చదరపు గజములు. రోడ్లు, ఖాళీ స్థలము పోను సగము మాత్రమే ప్లాట్లుగా మిగిలినదనుకొనుడు. అది 9,680 గజములు. అందులో సగము 4,840 గజములు, అనగా మీ భాగమునకు వచ్చునది ఒక్క ఎకరమే. కావున వాటాను గజములలో, ప్లాటు నంబర్లతో వ్రాయించుకొనుడు. పనులు పూర్తియగు వరకు అధికార సంస్థకు తనఖా పెట్టవలసిన ప్లాట్లు ఎవరి వాటా నుండి పోవునో కూడ వ్రాయింపుడు. గడువు, గడువు దాటినచో పరిహారము, అనుమతి రాకున్నచో భూమి తిరిగి వచ్చు విధము తప్పక ఉండవలెను. ఒప్పందమును రిజిస్టరు చేయింపుడు.

ముఖ్యముగ జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ విషయమున జాగ్రత్త. దాని వలన మాత్రమే యాజమాన్యము బదిలీ కాదని 2011లో సుప్రీం కోర్టు చెప్పినది. అయినను మీ తరఫున అమ్ముటకు అధికారము అతని చేతికి పోవును. ప్రతిఫలముతో ముడిపడిన అధికార పత్రమును తరువాత రద్దు చేయుట సులభము కాదు. కావున మొదట దరఖాస్తులు పెట్టుటకు మాత్రమే అధికారమిండు. అమ్మకపు అధికారమును తుది లేఅవుట్ వచ్చిన పిదప, అది కూడ అతని వాటా ప్లాట్లకే ఇచ్చుట మేలు.

4. న్యాయ సహాయము ఎక్కడ?

వ్యాపారి తెచ్చిన వకీలు వ్యాపారికి వకీలు. మీ కాగితమును మీ వకీలు చదువవలెను. వకీలును పెట్టుకొను శక్తి లేనివారి కొరకు 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టము గలదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత సహాయము లభించును. ఇతరులకు ఆదాయ పరిమితి గలదు. మీ ప్రాంతపు కోర్టులోని మండల న్యాయ సేవాధికార కమిటీకి గాని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గాని దరఖాస్తు వ్రాసి ఇండు. 15100 నంబరుకు ఫోను చేసియు అడుగవచ్చును. తగాదా వచ్చిన పిదపనే పోవలెనని లేదు, సలహా కొరకును పోవచ్చును.

తగాదా లోక్ అదాలత్‌లో రాజీ అయినచో ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానము. దాని పైన అప్పీలు లేదు. కావున రాజీ కాగితమును కూడ చదివించుకొనియే సంతకము చేయుడు.

పోవునప్పుడు పాసు పుస్తకము, ఈసీ, సర్వే పటము, ఒప్పందపు ముసాయిదా నకలు తీసికొని పోవలెను. అసలు కాగితములను ఎవరి చేతికిని వదలకుడు. "రేపు ధర తగ్గును, నేడే సంతకము చేయుడు" అనువానికి పది దినములు గడువు అడుగుడు. నిజముగ పొత్తు కోరువాడు ఆగును.