స్లో స్క్రూ ముట్టుకోకు



మేనల్లుడా, రైలు గేటు దగ్గర బండి ఆగితే చాలు, ఇంజిన్ ఊగి ఊగి ఆగిపోతోందని రాశావు. అది చదివి నేనేం కంగారు పడలేదు. డీజిల్ పంపు మీది స్లో స్క్రూ తిప్పేసి, రేసు పెంచి నడుపుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది చూడు, అప్పుడు పడ్డాను. మీ నాన్న ఆ మహీంద్రా పికప్పుని ఎలా చూసుకున్నాడో నీకు నేను చెప్పక్కర్లేదు.

స్క్రూ తిప్పితే తప్పు సరికాదురా నాన్నా, రేసు చాటున దాక్కుంటుంది. పైగా యాక్సిలరేటర్ వదిలినా బండి ముందుకు తోసుకుపోతుంది. ఆ 2523 సీసీ డీఐ ఇంజిన్ స్లోలో నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకో, నాలుగు నాజిళ్ళూ కలిసి 1600 సార్లు డీజిల్ కొట్టాలి. కొట్టేది ప్రతిసారీ చుక్కలో కొంచెమే. అందులో గాలి బుడగ దూరితే ఇంజిన్ పడుతుంది, పంపులో వేగం చూసుకునే గవర్నర్ డీజిల్ పెంచుతుంది, ఇంజిన్ లేస్తుంది, అది మళ్ళీ తగ్గిస్తుంది. నువ్వు చెప్పిన ఊగుడు ఇదే.

పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోందనీ రాశావుగా. రెండూ కలిపి చూడు. రాత్రి లైన్లో డీజిల్ ట్యాంకులోకి జారిపోతోంది, అంటే ఎక్కడో గాలి పడుతోంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా పీల్చే వైపు. అక్కడ పగులుంటే ఇంజిన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. తడి లేదు కాబట్టి లీకు లేదనుకోకు.

నేను ఆటోనగర్లో పని నేర్చుకునే రోజుల్లో నూజివీడు నుంచి మామిడికాయల లోడుతో వచ్చిన ఒక లారీకీ ఇదే ఊగుడు. దారిలో చూసినవాళ్ళంతా స్క్రూ తిప్పినవాళ్ళే. మా మేస్త్రిగారు పంపు ముట్టుకోలేదు. ఫీడ్ పంపుకి వచ్చే గొట్టం తీసి, లోపల డీజిల్ కనబడే ప్లాస్టిక్ గొట్టం తగిలించి స్టార్ట్ చేయించారు. వరసగా బుడగలు! గొట్టాన్ని బిగించే బాంజో బోల్టు కింద రాగి వాషర్ పోయింది, అంతే. డ్రైవరు బుట్టెడు చిన్న రసాలు ఇచ్చి వెళ్ళాడు. అంత తీపి పండు నేను మళ్ళీ తినలేదు.

ముందు స్క్రూని మునుపున్న చోటికి తిప్పెయ్యి. రబ్బరు గొట్టాలు వంచి చూసి, పగుళ్ళుంటే క్లిప్పులతో సహా మార్చు. రాగి వాషర్లు కొత్తవి వెయ్యి, పాతవి తిరగేసి వెయ్యకు. డీజిల్ ఫిల్టర్ కూడా మార్చు. తర్వాత ఫిల్టర్ మీది గాలి తీసే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి నిండు డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి బిగించు. షెడ్డు తలుపులు మూసి మాత్రం ఇంజిన్ నడపకు.

ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు వదులు చేసి చూద్దామని ఎవరైనా అంటే నువ్వు దూరంగా ఉండు. ఆ ప్రెషర్‌కి డీజిల్ ధార చర్మం లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే కనబడుతుంది, వేలు తీసెయ్యాల్సి రావచ్చు. మృదంగం వాయించే చేతులు నాన్నా నీవి. తగిలిందా, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళు.

ఇంత చేసినా ఊగితే ఇక నాజిళ్ళో, పంపో. వాటిని పంపు షాపులో బెంచి మీద పెట్టి చూడాలి. ఆ స్క్రూ ఏదో వాళ్ళే ఆర్‌పీఎం మీటరు పెట్టి తిప్పుతారు. ఒక్కడివే వెళ్ళకు, నేనూ వస్తాను. దసరాకి నీ కచేరీ ఏ రోజో రాయలేదు. తేదీ రాయి, అత్తయ్యని తీసుకొస్తాను.

మీ మావయ్య