బండ విదేశాలకు, దుమ్ము మనకు

ఎగుమతులు, దిగుమతులు అంటే ఏమిటో సాంఘిక శాస్త్రంలో చదివాము. వ్యాపారం పెరిగితే దేశానికి ఆదాయం వస్తుంది. మరి గాలికి, నీటికి ఏమవుతుంది? కరణ్‌కోట, తాండూరులను చూస్తే ఈ పాఠం బాగా అర్థమవుతుంది.

ఇక్కడి నేల కింద ఉన్నది సున్నపురాయి. పలకలుగా తీస్తే నాపబండ అవుతుంది, బంకమట్టితో కలిపి కాల్చి పొడి చేస్తే సిమెంటు అవుతుంది. కరణ్‌కోటలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ వారి సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. తాండూరు బండ విదేశాలకు కూడా పోతుంది. మా నాయిన బండల గనిలో కూలి చేస్తాడు. ఆ పైసలతోనే మా ఇల్లు నడుస్తుంది. అందుకే పరిశ్రమలు వద్దని నేను రాయడం లేదు.

వ్యాపారం కాలుష్యాన్ని మూడు విధాలుగా మారుస్తుంది.

1. ఎంత చేస్తున్నాము? గిరాకీ పెరిగితే తవ్వకం, లారీలు, దుమ్ము అన్నీ పెరుగుతాయి.

2. ఏమి చేస్తున్నాము? కొన్నవాళ్ళకు నున్నటి బండ పోతుంది. పాలిష్ చేసిన తెల్లటి సుద్ద బురద ఇక్కడే ఉండిపోతుంది.

3. ఎట్లా చేస్తున్నాము? లాభంతో మంచి యంత్రాలు కొంటే కాలుష్యం తగ్గుతుంది. గుడ్డ సంచుల ఫిల్టర్లు సిమెంటు దుమ్మును పట్టుకుంటాయి. కానీ వాయువును పట్టలేవు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. భూమి వేడెక్కడానికి అదొక కారణం.

డబ్బు పెరిగితే కాలుష్యం దానంతట అదే తగ్గుతుందా? తగ్గదు. 1952లో లండన్ ధనిక నగరమే. అయినా పొగమంచుకు వేలమంది చనిపోయారు. 1956లో చట్టం చేశాకనే పొగను అదుపు చేయసాగారు. మన దేశంలో వాయు కాలుష్య చట్టం 1981లో వచ్చింది. చట్టం ఉంటే సరిపోదు, అమలు కావాలి.

బయటి సిమెంటు, ఇనుము కొంటే వాటి తయారీలో వచ్చిన బొగ్గుపులుసు వాయువును బట్టి రుసుము కట్టాలని యూరప్ దేశాల కూటమి 2026 జనవరి 1 నుంచి నియమం పెట్టింది. మన రోడ్డు మీది దుమ్ము ఆ లెక్కలోకి రాదు. దాన్ని మనమే అడగాలి.

కావున లారీల మీద పట్టాలు కప్పాలి. రోడ్లపై నీళ్ళు చల్లాలి. సుద్ద నీళ్ళను తొట్టిలో నిలిపి, తేరినాక మళ్ళీ వాడాలి. కూలీలకు మాస్కులు ఇవ్వాలి. ఈ ఖర్చంతా బండ ధరలో కలవాలి. కలవకపోతే ఆ ఖర్చును మా నాయిన లాంటి వాళ్ళు దగ్గుతో కడతారు.

– 9వ తరగతి విద్యార్థిని