సేవకు ఒక సంవత్సరం: దానమా, న్యాయమా?



డిగ్రీ చేతికొచ్చిన కొడుకో కూతురో ఒకనాడు మీ ముందు నిలబడి, "నాన్నగారూ, ఉద్యోగంలో చేరకముందు ఒక ఏడాదిపాటు పేదల మధ్య ఉండి పనిచేస్తాను. జీతం ఉండదు" అంటే మీరేమంటారు? చాలా ఇళ్లలో ముందుగా వచ్చే మాట "నీకేమైనా మతి పోయిందా?" అని. అప్పు చేసి చదివించిన తల్లిదండ్రుల భయం అది. దానిని తప్పు పట్టలేము. అయితే బిడ్డ అడిగినదేమిటో తెలుసుకోకుండా కాదనడం కూడ మంచిది కాదు. అమెరికాలో కతోలిక యువతీయువకులు 1956లో మొదలుపెట్టిన ఇటువంటి సేవ ఒకటి ఉంది. ఈ వారం దానిని పాఠంగా తీసుకుందాం.

1. మంచు దేశంలో మొలకెత్తిన విత్తనం

అమెరికా దేశానికి వాయవ్య మూలన, చలికి పేరుపడిన రాష్ట్రం అలాస్కా. అక్కడి కాపర్ వ్యాలీలో యేసుసభ గురువులు, పునీత అన్నమ్మ సభ మఠకన్యలు కలిసి ఒక బడి నడిపారు. ఆదివాసుల పిల్లలు, ఇతరుల పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. పని కొండంత, చేతులు కొద్ది. 1956లో కళాశాల చదువు ముగించిన కొందరు యువతీయువకులు జీతం ఆశించకుండా అక్కడికి వెళ్లారు. పాఠాలు చెప్పారు, పిల్లలను చూసుకున్నారు, బడికి కావలసిన ప్రతి పనిలోను చేయి వేశారు. యేసుసభకు చెందిన జాక్ మోరిస్ గురువులు ఈ సేవకు ఒక రూపం తీసుకువచ్చారు. అదే జెస్యూట్ వాలంటీర్ కోర్.

కాపర్ వ్యాలీ బడి 1971లో మూతపడింది గాని విత్తనం చావలేదు. 1970లలో ఆ సేవ అమెరికా నగరాలకు, 1980లలో ఇతర దేశాలకు పాకింది. నిలువ నీడలేనివారి ఆశ్రయశాలలు, పేదలకు ఉచితంగా న్యాయసహాయం చేసే కార్యాలయాలు, వైద్యశాలలు, పాఠశాలలు, కాందిశీకుల కేంద్రాలు ఈ యువతకు పనిచేసే చోట్లు అయ్యాయి.

2. నాలుగు స్తంభాలు

ఈ సేవాజీవితం నాలుగు స్తంభాలమీద నిలుస్తుంది: ఆధ్యాత్మికత, సహజీవనం, నిరాడంబరత, సామాజిక న్యాయం.

కొద్దిమంది వాలంటీర్లు ఒకే ఇంట్లో ఉంటారు. తిండి ఖర్చుకిచ్చే డబ్బు అందరిదీ కలిపి వండుకుంటారు. సొంత ఖర్చుకు దొరికేది బహు స్వల్పం. వారంలో ఒక సాయంత్రం ప్రార్థనకు, మరొక సాయంత్రం ఇంటివారందరు కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి కేటాయిస్తారు. ఏడాదిలో కొన్నిసార్లు వడకములు చేస్తారు. పగలు చూసిన కష్టాన్ని సాయంత్రం దేవుని సముఖానికి తెచ్చుకోవడం ఈ పద్ధతిలోని కీలకం. ప్రార్థన లేని సేవ అలసటగా మారుతుంది. సేవ లేని ప్రార్థన పెదవులమీదే ఉండిపోతుంది.

ఈ నాలుగింటిలో మొదటి మూడు మనకు సులువుగానే అర్థమవుతాయి. నాల్గవది మాత్రం ఆగి ఆలోచించవలసినది.

3. దానం ఎక్కడ ఆగుతుంది?

ఆశ్రయశాలలో అన్నం వడ్డించే ఒక వాలంటీరును ఊహించండి. మొదటి నెలలో ఆమెకు ఆకలి కనబడుతుంది. మూడవ నెలకు మనుషుల పేర్లు తెలుస్తాయి. అందులో ఒకాయన పగలంతా ఒళ్లు వంచి పనిచేసి కూడ రాత్రికి ఇక్కడికే వస్తున్నాడు. ఆయన సోమరి కాదు, తాగుబోతు కాదు. మరి ఎందుకు వస్తున్నాడు? కూలి తక్కువ, ఇంటి అద్దె ఎక్కువ. అప్పుడు ఆమెలో ఒక ప్రశ్న పుడుతుంది: "ఈయనకు నేను వడ్డిస్తున్నది దానమా? లేక ఈయనకు రావలసినదానిలో ఒక చిన్న ముక్కా?"

పునీత తోమాస్ అక్వినాసు వారు న్యాయాన్ని ఒక సుగుణంగా వివరించారు: ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలనే స్థిరమైన, ఎడతెగని సంకల్పమే న్యాయం. దానం మన దగ్గరున్న దానిలోనుండి ఇచ్చేది. న్యాయం ఎదుటివానికి చెందినదానిని అతనికి చేర్చేది. అన్యాయంగా ఆపివేసిన కూలిని పండుగనాడు దానంగా పంచితే అది దానం అనిపించుకోదు. ఆమోసు ప్రవక్త (5వ అధ్యాయం) మందలించినది ఇటువంటి భక్తినే.

మంచి సమరీయుని కథ (లూకా 10) మనందరికీ తెలుసు. ఆయన గాయాలు కట్టాడు, సత్రం ఖర్చు పెట్టుకున్నాడు. అయితే అమెరికా నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ 1967లో చేసిన ఒక ప్రసంగంలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. యెరికో బాటలో దెబ్బతిన్నవారిని లేవనెత్తడంతో సరిపోదు, ఆ బాటనే బాగుచేయాలి అన్నది ఆయన బోధ. ఫ్రాన్సిస్ పోపుగారు కూడ 2020లో వెలువరించిన "ఫ్రతెల్లి తుత్తి" విశ్వలేఖలో ఇదే భావాన్ని వివరించారు: ముసలివానిని చేయిపట్టి ఏరు దాటించడం ప్రేమకార్యం, అక్కడ వంతెన కట్టించడమూ ప్రేమకార్యమే.

ఇది కొత్త బోధ కాదు. 1971లో రోమునగరంలో జరిగిన పీఠాధిపతుల సినడు, న్యాయంకోసం పాటుపడడం సువార్త ప్రకటనలో విడదీయరాని భాగమని బోధించింది. 1974-75లో జరిగిన యేసుసభ 32వ మహాసమావేశం విశ్వాససేవను, న్యాయసాధనను ఒకే కర్తవ్యంగా స్వీకరించింది.

4. ఒక హెచ్చరిక

మంచి మనసు ఒక్కటే చాలదు. కెనడాలో శ్రీసభకు చెందినవారు నడిపిన ఆదివాసి వసతి పాఠశాలల్లో ఎందరో పిల్లలు తల్లిదండ్రులకు, మాతృభాషకు దూరమయ్యారు. హింసకు కూడ గురయ్యారు. 2022 జూలైలో ఫ్రాన్సిస్ పోపుగారు ఆ దేశానికి వెళ్లి ఆదివాసులను క్షమాపణ కోరారు. "వారికి ఏది మంచిదో మాకే తెలుసు" అనుకున్న సేవ ఎంత గాయం చేయగలదో ఇది చెబుతుంది. కాబట్టి సేవకు వెళ్లేవారు నేర్పడానికి మాత్రమే గాక, నేర్చుకోవడానికి వెళ్లాలి. మొదట చెవులు, తరువాత చేతులు, ఆ తరువాతే నోరు.

5. తల్లిదండ్రులతో ఒక మాట

ఏడాది సేవ చేసి వచ్చినవారిని గురించి ఆ సంస్థలో సరదాగా ఒక మాట అనుకుంటారు: "వీళ్లు జీవితాంతానికి పాడైపోయారు" అని! అంటే ఇక పాత పద్ధతిలో కళ్లు మూసుకుని బ్రతకలేరని అర్థం. వారిలో డాక్టర్లు కావలసినవారు డాక్టర్లవుతారు, వకీళ్లు కావలసినవారు వకీళ్లవుతారు. కాని రోగిని, కక్షిదారును చూసే చూపు వేరుగా ఉంటుంది. ఏ కళాశాలా ఇవ్వలేని చదువు ఇది. అందుచేత ఆ ఏడాదిని పోయిన ఏడాదిగా లెక్కవేయకండి.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మొదటి జీతంకోసం ఇల్లంతా ఎదురుచూస్తుంటే, ఆ బిడ్డ ఉద్యోగంలో చేరి అమ్మానాన్నలను ఆదుకోవడమే దేవుడు కోరే సేవ. అతనిని ఎవరూ తక్కువగా చూడరాదు. కాని దేవుడు కలిమినిచ్చిన కుటుంబాలు తమ బిడ్డలను ఒక ఏడాది ఇవ్వగలవు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కతోలిక కుటుంబాల పిల్లలకైతే ఈ సేవ వారి ముంగిట్లోనే ఉంది.

ఇక్కడ మన పిల్లలకు దారి లేకపోలేదు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం కళాశాలల్లో ఉంది. 1924లో ప్రారంభమైన అఖిల భారత కతోలిక విశ్వవిద్యాలయ సమాఖ్య విద్యార్థులకు సమాజాన్ని చదవడం నేర్పుతోంది. ఏడాది కుదరకపోతే వేసవిలో ఒక నెల, అదీ కాకపోతే వారానికి ఒక సాయంత్రం ఇవ్వవచ్చు. మన విచారణలోనే వృద్ధాప్య పింఛను కాగితాలు నింపుకోలేని అవ్వలున్నారు, ఉపాధి హామీ పనిచేసి కూలి డబ్బుకోసం తిరిగేవారున్నారు. వారి పక్కన కూర్చుని కాగితం చదివిపెట్టే యువకుడు దానం చేయడంలేదు. వారికి రావలసినది వారికి చేరేలా చూస్తున్నాడు.

కుటుంబ ప్రార్థన తరువాత మాట్లాడుకోవడానికి

1. మీకా 6:8 చదవండి. దేవుడు మననుండి కోరే మూడింటిలో మన ఇంట్లో దేనికి చోటు తక్కువగా ఉంది?

2. మన పొలంలో, ఇంట్లో, దుకాణంలో పనిచేసేవారికి ఇస్తున్న కూలి న్యాయమైనదేనా?

3. మన బిడ్డ సేవకు వెళతానంటే మన భయం ఏమిటి? ఆ భయాన్ని బిడ్డతో మనసు విప్పి చెప్పుకోగలమా?

ప్రార్థన: ప్రభువా, మా బిడ్డలను మీరే మాకిచ్చారు. వారు పేదల ముఖంలో మిమ్మును గుర్తుపట్టునట్లు, మేము వారికి అడ్డుగా నిలువకుండునట్లు మాకు ధైర్యమును ప్రసాదించండి. ఆమెన్.